కంచెకు లోపల, కంచెకు వెలుపల: అణుకేంద్రాల రక్షణలో పోలీసుల పాత్ర

హైదరాబాదులో మౌలాలి సమీపాన 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు యురేనియం ముడిపదార్థం పసుపుపచ్చని పొడి రూపంలో చేరుతుంది. తొలినాళ్ళలో ఆ పొడి అప్పటి బీహారులోని, నేటి జార్ఖండ్‌లోని జాదుగుడా గనుల ప్రాంతం నుండే వచ్చేది. తరువాత కడప జిల్లా తుమ్మలపల్లె కూడా ఆ జాబితాలో చేరింది. ఇక్కడ దానిని శుద్ధిచేసి, చిన్న చిన్న బిళ్ళలుగా అదిమి, జిర్కోనియం మిశ్రమలోహపు సన్నని గొట్టాలలో నింపి, ఆ గొట్టాలను అరమీటరు పొడవుగల కట్టలుగా కూర్చుతారు. అక్కడి నుండి ఆ కట్టలు రాజస్థాన్‌లోని రావత్‌భాటాకు, గుజరాత్‌లోని కాక్రపార్‌కు, కర్ణాటకలోని కైగాకు, ఉత్తరప్రదేశ్‌లోని నరోరాకు, తమిళనాడులోని కల్పాక్కానికి ప్రయాణమై పోతాయి. 220 మెగావాట్ల భారజల రియాక్టరు ఒకదానిలో ఒకేసారి 3,672 కట్టలు అమరియుంటాయి. వాటిలో ప్రతిదానికీ సంఖ్య ఉంటుంది, లెక్క ఉంటుంది, ఆ లెక్కకు బాధ్యుడైన అధికారి ఉంటాడు.

ఈ ప్రయాణంలో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. ఆ సరుకు కేంద్ర ప్రభుత్వానిది. అది నడిచే దారి మాత్రం రాష్ట్రాలది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో అణుశక్తి కేంద్ర జాబితాలో ఆరవ అంశం. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. కనుక కేంద్రానికి చెందిన ఒక వస్తువు ఆదిలాబాదు దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టినా, కర్నూలు దాటి కర్ణాటకలో ప్రవేశించినా, దారి పొడవునా దానిపై కన్నువేసి ఉంచవలసినది వేర్వేరు భాషలు మాట్లాడే, వేర్వేరు ప్రభుత్వాలకు జవాబుదారీ అయిన పోలీసు యంత్రాంగాలు. ఒక రాష్ట్రపు సరిహద్దు చౌకీలో సందేశం అందలేదంటే రెండవ రాష్ట్రంలో ఎంతటి కట్టుదిట్టమైన ఏర్పాటున్నా అది సగం ఏర్పాటే. అణుకేంద్రాల భద్రతను గురించిన చర్చ సాధారణంగా ఎత్తైన గోడలు, తుపాకులు పట్టిన కాపలాదారుల వర్ణనతో మొదలై అక్కడే ముగుస్తుంది. వాస్తవానికి అసలు కథ ఆ గోడకు ఇరువైపులా ఉన్నవారి మధ్య మాటామంతీ ఎట్లా సాగుతున్నదనే దానిలో ఉన్నది.

గోడకు లోపలివైపు కాపలా కాసేది కేంద్ర పారిశ్రామిక భద్రతాదళం. దాని పుట్టుకకు అణుశక్తితో సంబంధం లేదు. 1964లో రాంచీలోని హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పెద్ద అగ్నిప్రమాదం సంభవించింది. దానిపై విచారణ జరిపిన జస్టిస్ ముఖర్జీ, ప్రభుత్వరంగ పరిశ్రమల రక్షణకు ప్రత్యేక దళం అవసరమని సూచించారు. 1968లో పార్లమెంటు చట్టం చేసింది. 1969 మార్చి 10వ తేదీన దళం ఏర్పడింది. తారాపూర్‌లో దేశపు తొలి అణువిద్యుత్తు కేంద్రం పనిచేయనారంభించినది కూడా ఆ సంవత్సరమే. మొదట ఉక్కు కర్మాగారాలకు, ఎరువుల ఫ్యాక్టరీలకు కాపలా కాసిన ఈ దళం క్రమంగా అణు సంస్థలకు, అంతరిక్ష కేంద్రాలకు, విమానాశ్రయాలకు విస్తరించింది. 1983లో దీనికి కేంద్ర సాయుధబలగపు హోదా లభించింది. ఈ దళపు అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ హైదరాబాదు శివార్లలోని హకీంపేటలో ఉన్నది. అస్సాం యువకుడు, కేరళ యువతి, పంజాబు రైతు బిడ్డ అక్కడ ఒకే కవాతు మైదానంలో అడుగులు కలిపి, ఆ తరువాత ఒకరు కైగా అడవులకు, మరొకరు కూడంకుళం సముద్రతీరానికి ఉద్యోగరీత్యా వెళ్ళిపోతారు. దళపు వ్యవస్థాపక దినోత్సవాన్ని దేశ రాజధాని ప్రాంతానికి వెలుపల తొలిసారిగా 2023 మార్చిలో జరిపినదీ ఈ అకాడమీ ఆవరణలోనే.

అయితే ఈ దళానికి ఉన్న అధికారం ఎంతవరకు? 1968 నాటి చట్టాన్ని తిరగవేసినవారికి అందులో ఒక చిన్న నిబంధన కనిపిస్తుంది. దళ సభ్యుడు తన కాపలాలో ఉన్న సంస్థకు హాని తలపెట్టిన వానిని వారెంటు లేకుండానే పట్టుకొనవచ్చును. కాని అట్లా పట్టుకొన్న మనిషిని అనవసరపు ఆలస్యం లేకుండా పోలీసు అధికారికి అప్పగించాలి, లేదా దగ్గరలోని పోలీసు స్టేషనుకు పంపాలి. కేసు నమోదు చేయడం, సాక్షులను విచారించడం, అభియోగపత్రం దాఖలు చేయడం స్థానిక పోలీసుల పని. దేశంలో ఎంతటి ఘనమైన అణుకేంద్రమైనా, దాని గేటు దగ్గర జరిగిన నేరం చివరకు ఒక మామూలు పోలీసు స్టేషనులోని జనరల్ డైరీకే ఎక్కుతుంది. ఆ స్టేషనులోని సబ్ ఇన్‌స్పెక్టరు నిన్నటివరకు దొమ్మీ కేసులు, పొలంగట్టు తగాదాలు చూసినవాడు. ఆయనకు రేడియేషన్ అంటే ఏమిటో, ఏ వస్తువును ముట్టుకొనవచ్చునో, దేనికి ఎంత దూరంలో నిలబడాలో ముందుగా చెప్పినవారుండాలి. చెప్పకపోతే నేరం జరిగిన రాత్రి ఆయన నేర్చుకొనవలసి వస్తుంది. 2008లో జాతీయ దర్యాప్తు సంస్థ ఏర్పడినపుడు అణుశక్తి చట్టం క్రింది నేరాలను దాని పరిధిలో చేర్చారు. అయినా తొలి గంటలు మాత్రం స్థానిక పోలీసులవే.

భద్రతా నిపుణులు అణుకేంద్రపు రక్షణను మూడు మాటలలో చెబుతారు: పసిగట్టడం, ఆలస్యం చేయించడం, ఎదుర్కొనడం. కెమెరాలు, గంటలు పసిగట్టడానికి. కంచెలు, తలుపులు, గోడలు ఆలస్యం చేయించడానికి. ఒక విషయాన్ని సామాన్యంగా జనం తప్పుగా అర్థం చేసికొంటారు. కంచె దొంగను ఆపదు. అది అతనికి కొన్ని నిమిషాలు ఖర్చుచేయిస్తుంది, అంతే. ఆ నిమిషాలలోగా ఎదుర్కొనేవారు చేరుకొంటేనే కంచెకు సార్థకత. చేరుకొనవలసిన వారిలో లోపలి దళం మొదటిది. దానికి అదనపు బలం కావలసివస్తే వెలుపలి పోలీసులే దిక్కు.

ఈ లెక్క తప్పినపుడు ఏమవుతుందో విదేశాలలో జరిగిన రెండు ఘటనలు చూపినవి. 2007 నవంబరులో దక్షిణాఫ్రికాలోని పెలిండాబా అణుకేంద్రంలోనికి అర్ధరాత్రి దాటిన తరువాత సాయుధులు నలుగురు విద్యుత్ కంచెను దాటి ప్రవేశించారు. అత్యవసర నియంత్రణ గదిలోనికి చొరబడి ఒక ఉద్యోగిని తుపాకితో కాల్చి గాయపరచి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మరొక ముఠా అదే రాత్రి ఇంకొక వైపు నుండి ప్రయత్నించి కాపలాదారులతో కాల్పులు జరిపి పారిపోయింది. అణు పదార్థమేదీ పోలేదు. 2012 జూలైలో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో, అత్యంత శుద్ధమైన యురేనియాన్ని నిలువచేసే వై-12 కేంద్రపు కంచెలను కత్తిరించుకొని ముగ్గురు శాంతివాదులు లోనికి నడిచి వెళ్ళారు. వారిలో ఒకరు 82 ఏండ్ల సన్యాసిని! గంట మ్రోగలేదా అంటే మ్రోగింది. అడవి జంతువుల వల్ల అది తరచు మ్రోగుతూ ఉండడంతో కాపలాదారులు దానిని పట్టించుకొనడం మానివేశారు. కొన్ని కెమెరాలు చెడిపోయి చాలా రోజులైంది. అంత ఖర్చుతో కట్టిన కోటను ఒక వృద్ధురాలు వైరు కత్తెరతో దాటివచ్చిందంటే లోపం ఇనుములో లేదు, మనుషుల అలవాటులో ఉన్నది.

ముప్పు ఎల్లప్పుడూ బయటినుండే వస్తుందనుకొనడం కూడ పొరపాటే. 2009 నవంబరులో కైగా కేంద్రంలో సిబ్బందికి మామూలుగా జరిపే మూత్రపరీక్షలలో కొందరి శరీరంలో ట్రీషియం ఉండవలసిన దానికన్న ఎక్కువగా కనిపించింది. ఆరా తీయగా త్రాగునీటి కూలరులో ఎవరో భారజలం కలిపినట్లు తేలింది. ఏబది మందికి పైగా ప్రభావితులైనారు. వైద్యసహాయం పొంది కోలుకొన్నారు. బయటివాడు ఎవడూ ఆ కూలరు దగ్గరకు రాలేడు. అది లోపలివారి పనే. కేసు దర్యాప్తు ఉత్తర కన్నడ జిల్లా పోలీసుల చేతికి వచ్చింది. భారజలమంటే ఏమిటి, అది ఏ యంత్రం నుండి ఎవరెవరు తీయగలరు, ఏ పాళీలో ఎవరున్నారు అనే ప్రశ్నలకు శాస్త్రజ్ఞుడు ప్రక్కన కూర్చుంటే తప్ప ఏ పోలీసు అధికారీ జవాబు రాబట్టలేడు. అదేవిధంగా, ఫలానా ఉద్యోగికి ఫలానా వానితో పగ ఉన్నదా, అప్పులున్నవా అనే ప్రశ్నలకు జవాబు ప్రయోగశాలలో దొరకదు.

2014 అక్టోబరులో కల్పాక్కంలో మరింత విషాదకరమైన సంఘటన జరిగింది. కాపలాదళానికి చెందిన ఒక హెడ్ కానిస్టేబులే తన ఆయుధంతో ముగ్గురు సహచరులను కాల్చి చంపాడు. రియాక్టరుకు దానితో సంబంధం లేదు. కాని చేతికి తుపాకి ఇచ్చి నిలబెట్టిన మనిషి మనసులో ఏమున్నదో కనిపెట్టడం కూడ భద్రతలో భాగమేనని ఆ ఉదయం తెలియజేసింది. సెలవులు దొరకని నెలలు, కుటుంబానికి దూరంగా బ్యారకులలో బ్రతుకు, పై అధికారితో మాటపట్టింపులు ఏ భద్రతా పటంలోనూ గుర్తించబడవు.

ఉద్యోగంలో చేరేవారి పూర్వాపరాలను ధ్రువీకరించే పని ఉన్నది. దానిని ఎక్కువమంది ఒక గుమాస్తా పనిగా చూస్తారు. అభ్యర్థి స్వగ్రామం ఉన్న పోలీసు స్టేషనుకు కాగితం వెళుతుంది. అక్కడి కానిస్టేబులు ఒక మధ్యాహ్నం ఆ ఊరికి వెళ్ళి ఇద్దరిని అడిగి, సంతకం తీసికొని వస్తాడు. కల్పాక్కంలో చేరబోయే యువకుని గురించి శ్రీకాకుళం జిల్లా పల్లెలో జరిగే ఆ అయిదు నిమిషాల విచారణపై, కోట్ల రూపాయల కంచె ఎంతవరకు ఉపయోగపడుతుందనేది ఆధారపడి ఉన్నదని ఆ కానిస్టేబులుకు ఎవరైనా చెప్పారా? శాశ్వత ఉద్యోగుల సంగతి అటుంచి, మరమ్మతుల కాలంలో నెలా రెండు నెలలకు వచ్చిపోయే కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ పని మరింత చిక్కైనది.

ఈ కాలపు చొరబాటుకు కాళ్ళు కూడ అక్కరలేదు. 2019లో కూడంకుళం కేంద్రపు పరిపాలనా విభాగంలో, ఇంటర్నెట్‌కు కలిపియున్న ఒక కంప్యూటరులో గూఢచర్యానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్ దూరింది. కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెప్టెంబరు 4వ తేదీననే దానిని గురించి తెలియజేసింది. రియాక్టరును నడిపే వ్యవస్థ వేరుగా ఉండడంవల్ల దానికి హాని కలుగలేదు. అయితే అక్టోబరు చివర వార్త పొక్కినపుడు కేంద్రం నుండి మొదట వెలువడినది ఖండన ప్రకటన. మరునాడు అణువిద్యుత్తు సంస్థ అది నిజమేనని ఒప్పుకొన్నది. సాఫ్ట్‌వేర్ చేసిన నష్టం కన్న ఆ ఒక్కరోజు ఖండన చేసిన నష్టమే ఎక్కువేమో. చుట్టుప్రక్కల గ్రామాల జనం రేపు నిజంగా ఆపద వచ్చినపుడు అధికారుల మాటను నమ్మి ఇండ్లలో తలుపులు మూసుకొని కూర్చోవాలి. ఆ నమ్మకాన్ని కూడబెట్టడానికి ఏండ్లు పడుతుంది.

ఇంతవరకు చెప్పుకొన్నది కంచె ప్రాంతం. కంచెకు ఎన్నో మైళ్ళ దూరాన, అణుశక్తితో ఏ సంబంధమూ లేదనిపించే చోట రేడియోధార్మిక వస్తువులు వేలకొద్దీ ఉన్నవి. కేన్సరు ఆసుపత్రులలో, ఆహారపదార్థాలను శుభ్రపరచే కర్మాగారాలలో, పైపుల అతుకులను పరీక్షించే పరికరాలలో, విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలో అవి ఉంటాయి. వాటికి సాయుధ దళాలు కాపలా ఉండవు. మన దేశంలో రేడియేషన్ మూలంగా ప్రజలకు అత్యంత తీవ్రంగా హాని జరిగిన ఒక ఉదంతం పుట్టినది రియాక్టరులో కాదు, ఒక తుక్కు బజారులో.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగం 1968లో కెనడా నుండి గామా కిరణాల పరికరం ఒకటి తెప్పించుకొన్నది. దానిలో కోబాల్ట్-60 ఉన్నది. 1985 తరువాత దానిని వాడినవారు లేరు. ఆ పరికరం ఒక గదిలో పడియుండగానే దానిని గురించి తెలిసినవారు ఒక్కరొక్కరే ఉద్యోగ విరమణ చేసి వెళ్ళిపోయారు. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామానుతోపాటు దానిని వేలంవేశారు. మాయాపురి తుక్కు వర్తకులు కొన్నారు. బరువైన సీసపు కవచం, మంచి ధర పలికే లోహం. విప్పదీసి ముక్కలు చేశారు. ముక్కలు ఒక దుకాణం నుండి మరొక దుకాణానికి చేతులు మారినవి. మెరిసే చిన్న ముక్కనొకదానిని ఒకాయన జేబులోని పర్సులో పెట్టుకొని తిరిగాడు. కొద్ది వారాలలో చర్మం నల్లబడడం, జుట్టు రాలడం, వాంతులు మొదలైనవి. ఏప్రిల్ మొదటివారంలో ఒక ఆసుపత్రి వైద్యులు లక్షణాలను అనుమానించి కబురు చేసిన తరువాతగాని సంగతి బయటపడలేదు. పలువురు ఆసుపత్రుల పాలైనారు. ఒకరు మరణించారు.

కోబాల్ట్-60 బలం సుమారు ప్రతి అయిదుంబావు సంవత్సరాలకు సగమవుతుంది. 1968 నుండి 2010 వరకు ఎనిమిదిసార్లు సగమైనదంటే మొదటి బలంలో 250వ వంతు మాత్రమే మిగిలియుంటుంది. ఆ మిగిలిన వంతే ఒక మనిషి ప్రాణం తీసింది.

ఆ తరువాతి రోజులలో మాయాపురిలో జరిగినది రెండు శాఖల సహకారానికి పాఠ్యగ్రంథం వంటిది. భాభా అణుపరిశోధన కేంద్రం, అణుశక్తి నియంత్రణ మండలి, నరోరా కేంద్రం, జాతీయ విపత్తు స్పందనదళం నుండి వచ్చిన నిపుణులు పరికరాలతో దుకాణం దుకాణం గాలించారు. పరికరం రేడియేషన్ ఎక్కడున్నదో చెబుతుంది. ఎక్కడినుండి వచ్చిందో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెదికినది ఢిల్లీ పోలీసులు. తుక్కు వర్తకుల కాగితాలు, వేలంపాట రశీదులు, కూలీల వాఙ్మూలాలు వెనుకకు వెనుకకు పట్టుకొని పోగా దారి ఒక విశ్వవిద్యాలయ భవనానికి చేరింది. ఆ దారి దొరకకపోయి ఉంటే అలాంటివి ఇంకెన్ని ముక్కలు ఏయే కొలిమిలో కరగడానికి వెళ్ళినవో తెలిసేది కాదు.

ఇటువంటి దురంతానికి ఒక ఉదాహరణ అంతకు 23 ఏండ్ల పూర్వమే బ్రెజిల్ దేశపు గోయానియా నగరంలో ఉన్నది. 1987 సెప్టెంబరులో, ఖాళీచేసిన ఒక ఆసుపత్రి భవనం నుండి ఇద్దరు యంత్రభాగాన్ని ఎత్తుకొనిపోయి తుక్కు వ్యాపారికి అమ్మారు. దానిలోని సీజియం పొడి చీకటిలో నీలంగా వెలుగుతుంటే బంధుమిత్రులు ముచ్చటపడి పంచుకొన్నారు. నలుగురు చనిపోయారు, వారిలో ఒక ఆరేళ్ళ పాప ఉన్నది. దాదాపు 1,12,000 మందిని పరీక్షింపవలసి వచ్చింది. 249 మందిలో కాలుష్యం కనిపించింది. 2013 డిసెంబరులో మెక్సికోలో దొంగలు ఒక లారీని అపహరించారు. వారికి కావలసినది లారీ. అందులో ఒక ఆసుపత్రి నుండి తరలిస్తున్న కోబాల్ట్-60 ఉన్నదని వారికి తెలియదు. అధికారులు సంగతి దాచలేదు. ఆ వస్తువు ఎంత ప్రమాదకరమో పత్రికల ద్వారా, రేడియోల ద్వారా చాటారు. రెండురోజులలో అది పొలాల నడుమ దొరికింది. పోలీసులు చుట్టూ కాపలా పెట్టి, నిపుణులు వచ్చేవరకు ఎవరినీ దరికి పోనివ్వలేదు. మాయాపురికీ ఈ ఉదంతానికీ తేడా ఇక్కడే ఉన్నది. మెక్సికోలో వస్తువు పోయిందని పోగొట్టుకొన్నవారికి ఆ రోజే తెలుసు. ఢిల్లీలో అట్టి వస్తువు తమ వద్ద ఉన్నదనే సంగతినే సంస్థ మరచిపోయింది.

తెలుగు ప్రాంతాల పోలీసులకు ఈ విషయంలో విచిత్రమైన అనుభవమొకటి కలదు. ‘రైస్ పుల్లింగ్’ పేరిట రాగి చెంబులను, పాత నాణెములను చూపి, వాటిలో అణు గుణమున్నదని, అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయని నమ్మించి డబ్బు గుంజే ముఠాలు తరచు పట్టుబడుతుంటాయి. రక్షణదుస్తుల వంటివి తొడుక్కొని ‘శాస్త్రజ్ఞులు’గా వచ్చి పరీక్ష జరిపే నాటకం కూడ అందులో భాగం. నవ్వు పుట్టించే మోసమే గాని, దానికొక చెడు ఫలితమున్నది. పది చెంబులు చూచిన స్టేషను అధికారి పదకొండవది నిజమైన సీసపు పెట్టె అయినపుడు కూడ నవ్వి ఊరుకొనే ప్రమాదమున్నది. 2021 మే నెలలో మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక పోలీసులు ఇద్దరి వద్ద ఏడు కిలోలకు పైగా పదార్థం పట్టుకొన్నపుడు దానిని భాభా కేంద్రానికి పంపారు. అది సహజ యురేనియమని నిర్ధారణ అయినది. ఏది చెంబు, ఏది యురేనియం అని తేల్చడానికి కావలసినది ఊహ కాదు, ఒక ఫోను నంబరు, ఆ నంబరుకు అవతల పలికే మనిషి.

అట్టి మనుషులను తయారుచేసే పని కొంత జరిగింది. భాభా కేంద్రం దేశంలో పలుచోట్ల అత్యవసర స్పందన కేంద్రాలను నెలకొల్పింది. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు స్పందనదళానికి రేడియేషన్ ప్రమాదాలలో శిక్షణ ఇచ్చారు. దాని పదవ బెటాలియను ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. హర్యానాలోని బహదూర్‌గఢ్ సమీపాన అణుశక్తి భాగస్వామ్యపు అంతర్జాతీయ కేంద్రానికి 2014 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అణుభద్రతను బోధించే విభాగమొకటి అందులో కలదు. ప్రతి అణువిద్యుత్తు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల మేర ప్రాంతానికి అత్యవసర ప్రణాళిక ఉంటుంది. ఆ ప్రణాళికను అమలుచేసేది కేంద్రపు డైరెక్టరు కాదు, జిల్లా కలెక్టరు. గ్రామాలలో చాటింపు వేయించడం, రోడ్లను మూయడం, జనాన్ని బస్సులు ఎక్కించడం, ఖాళీ అయిన ఇండ్లకు కాపలా ఉండడం జిల్లా పోలీసుల వంతు. నియమిత కాలంలో దీనికి కసరత్తు కూడ జరుపుతారు. కసరత్తు జరిగిన రోజున అన్నీ సవ్యంగానే సాగుతాయి. శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టరు మరుసటి ఏడు బదిలీ అవుతాడు. ఆయన స్థానంలో వచ్చినవానికి ఆ దస్త్రం ఏ అలమరలో ఉన్నదో కూడ తెలియదు. పోలీసుశాఖలో బదిలీలు ఆగవు గనుక, శిక్షణ మనిషికి కాక స్టేషనుకు అంటిపెట్టుకొని ఉండే ఉపాయం ఆలోచింపవలసి యున్నది.

ఇక్కడ శ్రోతలకు ఒక సందేహం కలుగవచ్చును. పోలీసులు, అణుకేంద్రాలు ఇంత సన్నిహితంగా మెలగితే సామాన్య పౌరుని గతి ఏమిటి? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. 2011, 2012 సంవత్సరాలలో కూడంకుళం చుట్టుప్రక్కల మత్స్యకార గ్రామాలవారు ఫుకుషిమా ప్రమాదాన్ని చూచి భయపడి పెద్దయెత్తున ఆందోళన జరిపారు. వేలమందిపై కేసులు పెట్టారు. వాటిలో రాజద్రోహ అభియోగాలు కూడ ఉన్నవి. 2012 సెప్టెంబరులో పోలీసు కాల్పులలో ఒక మత్స్యకారుడు మరణించాడు. 2013 మే 6వ తేదీన సుప్రీంకోర్టు కేంద్రం పనిచేయడానికి అనుమతిస్తూనే పదిహేను ఆదేశాలిచ్చింది. ఆందోళనకారులపై పెట్టిన క్రిమినల్ కేసులను ఉపసంహరించడానికి ప్రయత్నం జరగాలన్నది అందులో ఒకటి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకించిన చెంచుల గూడేలను, వారికి మద్దతు పలికిన పట్టణవాసులను తలచుకొన్నా ఇదే తేలుతుంది. ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే అన్వేషణకు వ్యతిరేకంగా తీర్మానించింది. ప్రశ్న వేసినవాడు శత్రువు కాడు. అంతేకాదు, రాత్రివేళ తెలియని పడవ ఒడ్డుకు చేరినా, కంచె దగ్గర కొత్తమనిషి తచ్చాడినా మొదట చూడగలిగినవాడు తీరాన వల ఆరవేసుకొనే ఆ మత్స్యకారుడే. అతనిని రాజద్రోహిగా కోర్టుకు త్రిప్పిన పోలీసుకు అతడు ఆ కబురు చెబుతాడా? ముప్పును గుర్తించడమంటే ఏది ముప్పు కాదో గుర్తించడం కూడ.

చట్టాల విషయం క్లుప్తంగా చెప్పవచ్చును. అణు పదార్థాల భౌతిక రక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక 1987లో అమలులోనికి వచ్చింది. భారతదేశం 2002లో అందులో చేరి, 2005 నాటి సవరణను 2007లో ఆమోదించింది. ఆ సవరణ 2016 మే నెలలో అమలుకు వచ్చింది. అంతకుముందు ఒడంబడిక ప్రధానంగా దేశాల మధ్య రవాణాకే వర్తించేది. సవరణతో దేశంలోపలి కేంద్రాలకూ వర్తించింది. అణు ఉగ్రవాద చర్యల నిరోధానికి 2005లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోనూ మన దేశం భాగస్వామి. దశాబ్దాల తరబడి అణురంగాన్ని శాసించిన 1962 నాటి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. ప్రైవేటు కంపెనీలకు కూడ ఈ రంగంలో ప్రవేశం కల్పించడం అందులోని ముఖ్యమైన మార్పు. యజమాని ప్రభుత్వమే అయినంతకాలం కాపలాదళం, సంస్థ, పోలీసు మూడూ సర్కారు ఉత్తరువులతోనే మాట్లాడుకొన్నవి. లాభనష్టాల లెక్క చూచే యజమాని కూడ ఆ వరుసలో చేరినపుడు ఎవరు ఎవరికి ఏ సమాచారం ఎన్ని గంటలలో చెప్పాలి, ఖర్చు ఎవరు భరించాలి అనేవి కాగితంపై మరింత స్పష్టంగా వ్రాసికొనవలసి ఉంటుంది.

చివరగా ఒక బొమ్మ సంగతి. రేడియేషన్‌కు సంకేతంగా మూడు రేకుల గుర్తు ప్రపంచమంతటా చాలకాలంగా వాడుకలో ఉన్నది. చదువుకొన్నవారికి అది తెలుసు. మిగిలినవారిలో కొందరికి అది ఫ్యాను రెక్కలవలె, కొందరికి పువ్వువలె కనిపిస్తుంది. అందువల్ల అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పదకొండు దేశాలలో రకరకాల జనానికి బొమ్మలు చూపి వారి అభిప్రాయం సేకరించింది. వాటిలో భారతదేశం కూడ ఉన్నది. 2007లో కొత్త గుర్తును ప్రకటించారు. ఎర్రని త్రికోణంలో పైన మూడు రేకుల నుండి కిరణాలు, క్రింద ఒకవైపు పుర్రె, మరొకవైపు పరుగెత్తి పారిపోతున్న మనిషి. దీనిని గోడమీదనో తలుపుమీదనో అంటించరు. ప్రమాదకరమైన పరికరపు లోపలి భాగంలో, ఎవరైనా దానిని విప్పడం మొదలుపెట్టినపుడు మాత్రమే కంటబడేచోట అమర్చుతారు. అక్షరం రాని తుక్కు కార్మికుడు సుత్తి ఎత్తిన క్షణంలో చూడవలసిన బొమ్మ అది. 1968లో తయారైన యంత్రాలమీద అది లేదు. అట్టి యంత్రాలు ఏయే మూలగదులలో ఉన్నవో వెదకి పట్టిక వ్రాసే పనిలో నియంత్రణ మండలి ఇన్‌స్పెక్టరుకు తోడుగా వెళ్ళగలిగినవాడు, ఆ బజారులో ఏ దుకాణం ఎవరిదో తెలిసిన బీటు కానిస్టేబులు.